ఆరోగ్య విషయములు: నోటి తెల్లపూతకు వెలుతురు చికిత్స



ఇటీవల దంతవైద్యశాలల పలకలమీద పండ్లు పెఱుకుట, పండ్లు కట్టుట అను మాటలతోపాటు లేజరు అను మాటయు కానవచ్చుచున్నది. మా నాయుడుపేటవంటి చిన్న పట్టణమునకు సైతము ఈ మాట వచ్చి చేరినది. తిరుపతికిని, నెల్లూరికిని, చెన్నపట్టణమునకును వైద్యమునకై పోయి వచ్చువారు చెప్పు కథలలో నైతే అది మంత్రదండమువలె వినవచ్చుచున్నది. తెల్లపూత మానక నెలల తరబడి బాధపడు పెద్దవారిని చూచి, మందులేల, వెలుతురు చూపినచో మాయమగునని చెప్పువారు కొందఱు. అదియంతయు ధనాపహరణమేయని త్రోసివేయువారు కొందఱు. వెలుతురు చికిత్స నిజమైనదే. అది ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలియకయే మన ఇండ్లలోని ముసలివారిని ఆ కుర్చీలలో కూర్చుండబెట్టుచున్నాము గనుక ఈ మాసమున దానిని గూర్చి వ్రాయదలచితిని.

ముందుగా ఏ వ్యాధిని గూర్చి మాటలాడుచున్నామో తెలిసికొనవలెను. నోటిపూత అను నొక్క పేరుతోనే మన ఇండ్లలో రెండు మూడు వేఱువేఱు బాధలను పిలుచుచున్నాము. పెదవి లోపలను, బుగ్గ లోపలను గుంటపడి కారము తగిలినంతనే మండు పుండు ఒకటి; అది సాధారణముగా పది పదునైదు దినములలో తనంతట మానును. నేను వ్రాయునది దానిని గూర్చి కాదు. నాలుకమీదను, బుగ్గలలోను విఱిగిన పాలవలె తెల్లగా పేరుకొని, మెత్తని బట్టతో తుడిచిన లేచివచ్చి, క్రింద ఎఱ్ఱని చర్మమును చూపునది వేఱొకటి. ఇది కాండిడా అను శిలీంధ్రము, అనగా బూజుజాతి సూక్ష్మజీవి, వలన కలుగును. కొందఱికి తెల్లదనమే కనబడదు. కట్టుడుపండ్ల పలక అంటియుండు అంగిలిభాగమంతయు ఎఱ్ఱబడియుండును. కొందఱికి సెలవులు పగిలి, నోరు తెఱచినపుడెల్ల నెత్తురు చెమ్మగిల్లును. సుశ్రుతుడు ముఖరోగములను 65 విధములుగా విభజించి, పెదవులు మొదలు కంఠము వఱకు స్థానములను బట్టి వేర్పఱచెను. అంత సూక్ష్మముగా చూచిన పెద్దల సంతతివారమై, మనము అన్నిటికిని ‘వేడిచేసినది’ అను నొక్క మాట చెప్పి మజ్జిగ త్రాగించి యూరకుందుము.

ఈ కాండిడా ఆరోగ్యవంతులలో అనేకుల నోళ్ళలో నిత్యనివాసియే. తక్కిన సూక్ష్మజీవులును, ఉమ్మియు, శరీరబలమును దానిని అదుపులో నుంచినంతకాలము దాని యునికియే తెలియదు. ఆ కాపలా సడలినపుడు అది పెచ్చు పెరుగును. చక్కెరవ్యాధి అదుపు తప్పినను, ఉబ్బసమునకు స్టిరాయిడు మందును ఇన్‌హేలరుతో పీల్చి నోరు పుక్కిలింపకున్నను, నోరు ఎండునట్టి మందులు వాడుచున్నను, రక్తమున ఇనుము తక్కువైనను, పుట్టకురుపునకు తలకును మెడకును కిరణచికిత్స పొందినను, హెచ్.ఐ.వి. వంటి వ్యాధిచే బలము క్షీణించినను ఇది రాగలదు. సూక్ష్మజీవులను చంపు మందులను దీర్ఘకాలము మ్రింగినవారికి వచ్చుట మఱియు సామాన్యము. ఆ మందుల చరిత్రలో మన తెలుగువాని పేరు కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలముననే, 1948లో, డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను లోకమునకు తెలిపెను. అనేక జాతుల సూక్ష్మజీవులను ఒక్క దెబ్బతో పడగొట్టునట్టి ఇట్టి మందులు కోట్ల ప్రాణములను నిలిపినవి. అయితే నోటిలో బూజును అణచియుంచు సూక్ష్మజీవులు సైతము వానితో నశించుటచేత, ఖాళీ యిల్లు దొరకిన అద్దెదారువలె కాండిడా విజృంభించుట వైద్యులు చూడసాగిరి. సుబ్బారావుగారి జ్ఞాపకార్థము ఒక శిలీంధ్రజాతికే సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టియుండుట ఒక చిత్రము.

బూజును చంపు మందును కనిపెట్టినవారు ఇద్దఱు స్త్రీలని ఎందఱెఱుగుదురు? ఎలిజబెత్ లీ హేజెన్ చిన్నతనముననే తల్లిదండ్రులను పోగొట్టుకొనినది. రేచెల్ ఫుల్లర్ బ్రౌన్ రసాయనశాస్త్రము నేర్చినది. ఇరువురును న్యూయార్కు రాష్ట్రపు ఆరోగ్యశాఖలో ఉద్యోగినులు. ఒకరు న్యూయార్కు నగరమునను, మఱియొకరు ఆల్బనీలోను పని చేయుచుండిరి. హేజెన్ నేలమట్టినుండి సూక్ష్మజీవులను పెంచి సీసాలలో తపాలా ద్వారా పంపును. బ్రౌన్ వానినుండి మందును వేఱుచేసి మఱల తపాలాలో పంపును. వర్జీనియాలో ఒక పొలపుమట్టినుండి దొరకిన జీవి ఫలించినది. 1950లో ప్రకటించిన ఆ మందునకు తమ రాష్ట్రము పేరుమీదుగా నిస్టాటిన్ అని పేరిడిరి. దానిపై వచ్చిన హక్కుల సొమ్ము కోటి డాలర్లకు మించినది. అందులో ఒక్క డాలరైనను తమకు ఉంచుకొనక శాస్త్రపరిశోధనకే వినియోగించిరి. నేటికిని పసిపిల్లల నోటిలో వేయు చుక్కలలో ఈ మందు కలదు. తరువాత క్లోట్రిమజోల్, ఫ్లూకొనజోల్ మొదలగునవి వచ్చినవి. సామాన్యమైన తెల్లపూతకు పూతమందో, చుక్కలో, మాత్రలో వాడినచో ఒకటి రెండు వారములలో గుణము కనబడును. ఇట్టివారికి లేజరు అక్కఱయే లేదు.

చిక్కు ఎక్కడనగా, మాని మఱల మఱల వచ్చువారి విషయమున. కాండిడాలో కొన్ని జాతులు మాత్రలకు లొంగకుండ మొండికెత్తుచున్నవి. గుండెజబ్బుకై రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారికి ఫ్లూకొనజోల్ తోడైనచో నెత్తురు స్రవించు ప్రమాదము హెచ్చగును. కాలేయము చెడినవారికి ఎక్కువ కాలము మాత్రలు ఇచ్చుటకు వైద్యులు సందేహింతురు. వీరికొఱకే వెలుతురు చికిత్సను వెదకుచున్నారు.

వెలుతురుతో వైద్యమనిన మనకు క్రొత్త కాదు. మయూరకవి తన రోగము తీఱుటకై సూర్యశతకము రచించెనని పెద్దలు చెప్పుదురు. అది భక్తిమార్గము. వైద్యమార్గమున చూచినను, బొల్లి మచ్చలకు బావంచాలు నూఱి పూసి ఎండలో కూర్చుండబెట్టుట మన నాటువైద్యులు ఎఱిగినదే. బావంచాలు ఒంటిగా పని చేయవు, ఎండయు ఒంటిగా పని చేయదు, రెండును కలియవలెను. ఐరోపాలో నీల్స్ ఫిన్సెన్ అను డెన్మార్కు వైద్యుడు చర్మక్షయకు తీవ్రమైన వెలుతురుతో చికిత్స చేసి 1903లో నోబెలు బహుమానము పొందెను. అంతకు కొంచెము ముందుగా మ్యూనిక్ నగరమున ఆస్కార్ రాబ్ అను విద్యార్థి నీటిలోని సూక్ష్మజీవులమీద ఒక రంగుమందును పరీక్షించుచుండెను. అంతే మందు వేసినను అవి ఒకనాడు త్వరగా చచ్చుచున్నవి, మఱియొకనాడు చాలసేపు బ్రదుకుచున్నవి. భేదమెక్కడనని వెదకగా, గదిలోనికి వచ్చు వెలుతురులో నని తేలినది. 1900లో ఆ సంగతి ప్రకటితమైనది. నేటి నోటి చికిత్సకు మూలము ఈ రాబుగారి పరిశీలనయే.

దీని పని యిట్లుండును. వైద్యుడు మొదట ఒక రంగుద్రవమును పూతపై పూయును. తఱచుగా వాడునది మెథిలీన్ బ్లూ అను నీలిరంగు. 1876లో బట్టలకు అద్దుటకై తయారైన ఈ రంగును 1891లో ఏర్లిక్ మలేరియాకు మందుగా ప్రయోగించెను. కొన్ని నిమిషములలో ఆ రంగు బూజుకణములను పట్టుకొనును. అంతట ఆ రంగు పీల్చుకొనగల వన్నె వెలుతురును, నీలిరంగునకైతే ఎఱ్ఱని వెలుతురును, చూపుదురు. రంగు ఆ శక్తిని గ్రహించి చుట్టునున్న ప్రాణవాయువునకు ఇచ్చును. ఆ ప్రాణవాయువు క్షణములో వేయవవంతుకన్న తక్కువ కాలము ఉగ్రరూపము దాల్చి, పుట్టిన చోటనే బూజుకణపు పొరను దహించి, చల్లాఱిపోవును. దూరము పోవుటకు దానికి వ్యవధి లేదు. అందుచేతనే ప్రక్కనున్న చర్మమునకు హాని తక్కువ. ఒక్క చోట గాక కణమంతట దెబ్బ తగులుటవలన బూజు దీనికి అలవాటుపడి ఎదిరించుటయు కష్టము. నొప్పి అంతగా నుండదు. నాలుక కొంతసేపు నేరేడుపండు తిన్నట్లుండును.

ఇందులో మన స్త్రీలు గుర్తింపవలసినది, వెలుతురు సగము మందు మాత్రమే యనుట. 2012లో ప్రకటితమైన బ్రెజిల్ దేశపు పరిశోధన ఒకటి దీనిని చక్కగా చూపినది. నోటిలో కాండిడా గల 21 మంది హెచ్.ఐ.వి. రోగులను మూడు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు ఫ్లూకొనజోల్ మాత్రలు. ఒక వర్గమునకు రంగు లేకుండ లేజరు. మఱియొక వర్గమునకు మెథిలీన్ బ్లూ పూసి లేజరు. మాత్రలు పని చేసినవి గాని కొలది కాలములోనే పూత మఱల వచ్చినది. ఉత్త లేజరు బూజును తగ్గింపనే లేదు. రంగును లేజరును కలిసిన వర్గమున 30 దినముల వఱకు తిరుగ రాలేదు. రోగుల సంఖ్య చిన్నదే. దానిని పట్టుకొని జయభేరి మ్రోగింపరాదు. కాని ఎవరైనను రంగుమందు పూయకయే కేవలము ఎఱ్ఱదీపము చూపి ‘బూజు పోవును’ అనినచో, ‘ఏ రంగు వాడుదురు?’ అని అడుగుటకు ఈ మాత్రము చాలును. తక్కువ శక్తిగల ఉత్త లేజరును నోటిపుండ్ల బాధ తగ్గించుటకు వాడుట కలదు. అది వేఱు ప్రయోజనము.

ఆ బ్రెజిల్‌లోనే అదే సంవత్సరమున ప్రకటితమైన మఱియొక పరిశోధన కట్టుడుపండ్లవారిని గూర్చినది. కొందఱికి పదునైదు దినములు నిస్టాటిన్ ఇచ్చిరి. కొందఱికి అంగిలికిని, పండ్లపలకకును రంగు పట్టించి నీలివెలుతురు చూపిరి. రెండు వర్గములలోను ఇంచుమించు సగముమందికి గుణమిచ్చినది. రెండు వర్గములలోను కొందఱికి నెలలు గడువకముందే తిరుగబెట్టినది. అనగా వెలుతురు మందుతో ఇంచుమించు సమానముగా నిలిచినదే గాని దానిని మించలేదు. ఈ ఫలితము నాకు చాల విలువైనదిగా తోచుచున్నది. ఏమందురా, తప్పు మందులోను లేదు, వెలుతురులోను లేదు, రాత్రింబవళ్ళు నోటిలో నుండు ఆ పలకలో నున్నది. కట్టుడుపండ్లు చేయు పదార్థమున కంటికి కనబడని రంధ్రములు కలవు. బూజు ఆ రంధ్రములలో పుట్టలు పెట్టుకొనును. అంగిలిని ఎంత శుద్ధి చేసినను ఆ పలకనే మఱల పెట్టుకొనినచో పుట్టలోని చీమలు తిరిగి బారు కట్టును.

మా వీధిలోని యొక వృద్ధురాలి సంగతి చెప్పెదను. వితంతువు, పరువుగల మనిషి. పండ్లు లేని ముఖమును కోడలు సైతము చూడరాదని ఆమె పట్టుదల. ఎనిమిదేండ్లనుండి కట్టుడుపండ్లు తీసి నిదురించిన రాత్రి లేదు. నోరు మండుచుండుటచే కూరలు మాని, పచ్చళ్ళు మాని, పెరుగన్నముతో దినములు గడుపుచు చిక్కి సగమైనది. కుమారుడు పట్టణమునకు తీసికొనిపోయి వెలుతురు చికిత్స నాలుగు మాఱులు చేయించెను. పూత నిజముగనే పోయినది. రెండు నెలలలో మఱల వచ్చినది. ఆ నాలుగు మాఱులలోను రాత్రి పండ్లు తీయుదురా యని ఆమెను అడిగినవారు లేరు. అడిగినను కుమారుని యెదుట ఆమె చెప్పెడిది కాదేమో. సెలవులకు వచ్చిన మనుమరాలు ప్రక్కన పండుకొని, తెల్లవాఱుజామున అవ్వ నోరు తెఱచి నిదురించుచుండగా చూచి బయటపెట్టినది. పిమ్మట నెత్తురు పరీక్షింపగా చక్కెరయు హెచ్చుగా నుండెను. పాత పలక తీసివేసి క్రొత్తది కట్టించి, చక్కెరకు మందు మొదలిడిన తరువాత సామాన్యపు పూతమందే పని చేసినది. ముసలివారి సిగ్గును గూర్చి వైద్యగ్రంథములలో ప్రకరణము లేదు. దానిని ఎఱుగవలసినవారు ఇంటి స్త్రీలే.

పసుపును గూర్చి ఒక మాట. పసుపునకు వన్నె యిచ్చు కుర్కుమిన్ అను పదార్థము నీలివెలుతురును పీల్చుకొని కాండిడాను చంపగలదని ప్రయోగశాలలలో నిరూపించిరి. పసుపు అద్దిన బట్ట ఎండలో ఆఱవేసిన వెలసిపోవునని మన ముత్తవ్వలును ఎఱుగుదురు. వెలుతురునకు పసుపు స్పందించుననుటకు అదియే తార్కాణము. అంతమాత్రమున నోటిలో పసుపు పట్టించుకొని సూర్యుని యెదుట నోరు తెఱచుకొని నిలువవలదు. ప్రయోగశాలలో కుర్కుమిన్‌ను వేఱుచేసి, కరగించి, కొలిచి, తగిన వన్నె వెలుతురును కొలిచి వాడుదురు. మన వంటింటి పసుపు నీట కరగనే కరగదు.

ఇక లేజరులో రెండవ జాతి. ఇది రంగుతో పని లేక కత్తివలె కోయును, లేదా చర్మపు పొరను ఆవిరి చేయును. బొగ్గుపులుసు వాయువునుండి పుట్టు ఈ లేజరును 1964లో కనిపెట్టినవాడు మన దేశమున బారామతిలో జన్మించిన కుమార్ పటేల్. నోటిలో తుడిచినను లేవని దళసరి తెల్లమచ్చలను తీయుటకు దీనిని వాడుచున్నారు. చుట్ట, బీడీ, పొగాకు అలవాటుగలవారికి పెదవుల మూలల వెనుక బుగ్గలలో ఇట్టి మచ్చలు పుట్టి, వానిలో కాండిడా నాటుకొనియుండుట కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో నిప్పుకొనను నోటిలోపల నుంచి చుట్ట కాల్చు స్త్రీలు, అడ్డపొగ అందురు దానిని, అంగిలిమీద ఇట్టి మార్పులు తెచ్చుకొనుట వైద్యులు ఏండ్ల తరబడి చూచినదే. ఈ మచ్చలలో కొన్ని పుట్టకురుపుగా మాఱును. కనుక చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింపకముందు మచ్చను లేజరుతో కాల్చుటకు ఎన్నడును ఒప్పుకొనకుడు. ఆవిరియైపోయిన మచ్చ తాను ఏమైయుండెనో చెప్పజాలదు. బయాప్సీ అను మాట విని భయపడి ‘నొప్పిలేని లేజరు’ వైపు మొగ్గుట మనవారిలో సహజము. ఇక్కడ మాత్రము ఆ మొగ్గు ప్రాణాపాయము.

2021లో కోవిడు తరువాత వచ్చిన నల్లబూజు భయమును ఎవరును మఱచియుండరు. ఆ సంవత్సరము మే మాసమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ వ్యాధిని ఆరోగ్యశ్రీలో చేర్చెను. ఆ దినములలో నాలుకపై తెల్లపూత చూచినను వణకిన ఇండ్లు కలవు. అది వేఱు జాతి బూజు. ముఖము ఒకవైపు నొప్పి, వాపు, పండ్లు కదలుట, అంగిలి నల్లబడుట దాని గుఱుతులు. దానికి గడియ యాలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి పోయి సూదిమందును శస్త్రచికిత్సయు పొందవలెను. రంగుతోను వెలుతురుతోను కాలక్షేపము చేయరాదు.

చంటిపిల్లల పూతకును వెలుతురు చికిత్స వలదు. వైద్యుడిచ్చు చుక్కలు చాలును. తల్లి చనుమొనలు మండుచున్న యెడల ఆమెకును పూతమందు కావలెను, లేనిచో తల్లినుండి బిడ్డకు, బిడ్డనుండి తల్లికి తిరుగుచుండును. వెలిగారము పొంగించి తేనెలో రంగరించి నాకించుట మన ప్రాంతమున పాత యలవాటు. ఏడాదిలోపు బిడ్డకు తేనె విషతుల్యమగు వ్యాధిని తేగలదు. వెలిగారము కడుపులోనికి పోయిన అపాయము. ఇది అమ్మమ్మలతో వాదింపవలసిన సందర్భమే.

వెలుతురు చికిత్సకు పోవలసివచ్చినచో చికిత్స చేయువారును, చేయించుకొనువారును, ప్రక్కన నిలిచినవారును తగిన రంగు కండ్లద్దములు పెట్టుకొనవలెను. లేజరు కంటిలో పడిన చూపు చెడును. ఎన్ని మాఱులు రావలెనో, అంగిలితోపాటు పండ్లపలకకును చికిత్స చేయుదురో లేదో ముందుగానే అడుగుడు.

కట్టుడుపండ్లను ఉడుకునీట వేయవచ్చునా యని ఇద్దఱు పాఠకురాండ్రు వ్రాసి అడిగిరి. వేయరాదు, పలక వంకరపోయి నోట సరిపడదు. బూడిద, ఇటుకపొడి, గరుకు పండ్లపొడి పెట్టి తోమినచో గీతలు పడును, ఆ గీతలే బూజునకు ఇండ్లగును. మెత్తని కుంచెతో, కొంచెము సబ్బునీటితో అన్నివైపుల తోమి కడిగి, రాత్రి చల్లని మంచినీట నుంచవలెను. క్లోర్‌హెక్సిడిన్ నీటిలో నానవేయుమని వైద్యుడు చెప్పియున్నచో బాగుగ కడిగినగాని నిస్టాటిన్ పూసిన నోట పెట్టరాదు. ఆ రెండు మందులు కలిసిన ఒకదాని నొకటి చెఱచుకొనును. నీటిగిన్నెకు మూత పెట్టి మంచము తలాపున నుంచినచో, ఎవరైనను తలుపు తట్టినపుడు చీకటిలోనైనను చేతికందును.